ఎండా నీడా ఉన్న తొట్టె

ఇవాళ తాబేలు గురించి మాట్లాడుకుందాం. కుందేలుతో పందెం వేసిన కథలో తాబేలు కాదు, మన చెరువు గట్టున కనిపించే తాబేలూ కాదు. రంగు చేపలు అమ్మే దుకాణాల్లో, గాజు గిన్నెలో, అంగుళం లోతు నీళ్ళలో అటూ ఇటూ పాకుతుంటుందే, ఆ చిట్టి తాబేలు. పచ్చటి డిప్ప. కంటి వెనక ఎర్రటి చార. పాత రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. పిల్లలు అడుగుతారు, పెద్దలు కొంటారు. ఇంటికి తెచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది. దీన్ని ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకి నేను ఒక్కటే మాట చెప్పబోతున్నాను. మధ్యమధ్యలో అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి. తాబేలు ఇంటికి రెండు కొసలుండాలి. ఒక కొసన ఎండ, ఒక కొసన నీడ. ఏ వేళ ఎక్కడ ఉండాలో తాబేలు తేల్చుకోవాలి, మనం కాదు. గోదావరి డెల్టాలో అయితే ఆ రెండు కొసల్లో ముందుగా కట్టాల్సింది నీడ కొస. ఎందుకో చెబుతాను.

దానికి ముందు చట్టం సంగతి ఒకటి తేల్చుకోవాలి. మన చెరువుల్లో, కాలవల్లో, వరి చేలల్లో తిరిగే తాబేళ్ళని ఇంట్లో పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2022లో ఆ చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. డిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా ఉండే నక్షత్ర తాబేలు కూడా ఇప్పుడు మొదటి షెడ్యూలులోనే ఉంది. ఆ షెడ్యూలులోని జంతువు విషయంలో నేరం రుజువైతే 3 ఏళ్ళకి తగ్గకుండా 7 ఏళ్ళ దాకా జైలు. 25,000 రూపాయలకి తగ్గకుండా జరిమానా. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరో చెప్పారని నక్షత్ర తాబేలుని కొనుక్కునేవాళ్ళున్నారు. కోర్టుల చుట్టూ తిరగడం కలిసిరావడం కాదు కదా! పైగా అది రాయలసీమలాంటి మెట్ట ప్రాంతపు జంతువు. ముళ్ళ పొదలు, ఎండు గడ్డి దాని లోకం. మన తడి నేలలు దానికి పడవు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం ఆలయంలో నక్షత్ర తాబేళ్ళని చూసి వచ్చి, మనమూ ఒకటి పెంచుకుందాం అనుకోవద్దు. గుడి సంగతి వేరు, మన పెరడు సంగతి వేరు.

మరి ఈ ఎర్ర చార తాబేలు? ఇది మన దేశపుది కాదు. అమెరికాలో మిసిసిపీ నది పరివాహక ప్రాంతం దీని పుట్టిల్లు. విదేశీ జంతువుల పెంపకానికి కూడా 2024లో కేంద్ర ప్రభుత్వం నమోదు నిబంధనలు తెచ్చింది. అవి ఏ జాతికి వర్తిస్తాయో, మీ దగ్గరున్నది ఏ జాతో అనుమానంగా ఉంటే అటవీ శాఖ రేంజి కార్యాలయంలో అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనరు. ఇక కొనాలా వద్దా అంటారా? కొనొద్దనే నా సలహా. కారణాలు ముందు ముందు వస్తాయి. కానీ ఇప్పటికే కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంట్లో ప్లాస్టిక్ బేసిన్లో తాబేలు ఉంది. దాన్నేం చెయ్యాలో తెలీడం లేదు. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ళ కోసం.

సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే మన పల్లెల్లో అరుగు మీద కూర్చునే తాతగారిని గుర్తు చేసుకోండి. భుజాన దుప్పటి. నోట్లో చుట్ట. నీరెండ అరుగు మీద ఈ కొసన పడితే ఈ కొసన కూర్చుంటారు. ఎండ జరిగితే ఆయనా జరుగుతారు. పది దాటి ఎండ చురుక్కుమంటే లేచి చావట్లోకి వెళ్ళిపోతారు. తాబేలు చేసేదీ అదే. కాకపోతే ఒక తేడా ఉంది. తాతగారి ఒంట్లో సొంత పొయ్యి ఒకటి వెలుగుతూ ఉంటుంది. మనం తిన్న అన్నంలో ఎక్కువ భాగం ఆ పొయ్యికే ఖర్చవుతుంది. అందుకే చలైనా ఎండైనా మన ఒళ్ళు 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. తాబేలుకీ, పాముకీ, బల్లికీ ఆ పొయ్యి లేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే ఒళ్ళూ అంతే. తిన్నది అరగాలంటే వెచ్చదనం కావాలి. అందుకని ఎండలోకి వస్తుంది. ఒళ్ళు వేడెక్కాక నీళ్ళలోకి దిగుతుంది. మళ్ళీ వస్తుంది. ఇది సోమరితనం కాదండి, దాని వంట. ఇప్పుడు ఆ తాతగారిని తీసుకెళ్ళి, తలుపు లేని గదిలో, రోజంతా ఎండ పడే చోట కూర్చోబెట్టండి. ఎలా ఉంటుంది? గాజు గిన్నెలో తాబేలు బతుకు అలాగే ఉంటుంది. గిన్నె అంతా ఒకటే వేడి, లేకపోతే గిన్నె అంతా ఒకటే చలి. జరగడానికి చోటు లేదు.

పాకే జంతువుల గూడు అంటే గోడలూ జాలీ అని మనం అనుకుంటాం. నిజానికి గూడు అంటే వేడి లెక్క. దీనికి రుజువు మన తీరంలోనే ఉంది. కోనసీమ, కాకినాడ తీరాలకి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కోరంగి అభయారణ్యం పక్కన హోప్ ఐలాండ్ ఇసుకలోనూ పెడతాయి. ఒక్కో గూటిలో 100 గుడ్ల పైమాటే. కుక్కలూ నక్కలూ తవ్వి తినేయకుండా ఆ గుడ్లని జాగ్రత్తగా తీసి, కర్రలు పాతి వల కట్టిన ఆవరణలో మళ్ళీ పాతిపెడతారు. చూడ్డానికి అది కర్రా వలే. కానీ అసలు పని చేసేది గుంట లోతు. తల్లి తవ్విన లోతే, దాదాపు అడుగున్నర, మళ్ళీ తవ్వాలి. ఎందుకంటే ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది. 29, 30 డిగ్రీల దగ్గర సరిహద్దు ఉంటుంది. దానికంటే చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. రెండు మూడు డిగ్రీల తేడాకే ఒక తరం లెక్క మారిపోతోందంటే, ఈ జంతువులకి వేడి ఎంత పెద్ద సంగతో చూడండి. కర్ర పాతడం తేలిక. వేడి లెక్క చూసుకోవడమే పని.

తాబేలు పెంపకం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాల వాళ్ళు రాసుకున్నవి. వేడి దీపం పెట్టమంటారు. నీళ్ళలో హీటరు వెయ్యమంటారు. గాజు పెట్టె కొనమంటారు. లండన్లో, షికాగోలో ఇంటి లోపల పెంచేవాళ్ళకి అవి సరే. మనకి? ఇక్కడ మేలో రోహిణి కార్తె ఎండలకి రాజమండ్రిలో 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్త కాదు. ఈ తాబేలుకి నీళ్ళు 24 నుంచి 28 డిగ్రీలుంటే హాయి. ఎండ కాచుకునే చోటు 32, 33 ఉంటే చాలు. ఒళ్ళు 40 దాటితే ప్రాణం మీదికొస్తుంది. ఇక చలి అంటారా? ఈ జాతి సొంత ఊళ్ళలో మంచు పడుతుంది. చెరువు పైన గడ్డ కడితే అడుగున కదలకుండా చలికాలం గడిపేస్తుంది. ఎదిగిన తాబేలుకి మన భోగి రోజు చలి ఒక లెక్కా! మరీ చిన్న పిల్లైతే ఆ రెండు నెలలూ రాత్రిపూట వసారాలోకి తెచ్చుకోండి, సరిపోతుంది. అంచేత పుస్తకాల్లో ఉన్నది తిరగేసుకోవాలి. అక్కడ వాళ్ళు వేడి కొసని కష్టపడి తయారు చేస్తారు, చల్ల కొస ఊరికే వస్తుంది. ఇక్కడ వేడి కొస ఊరికే వస్తుంది. కష్టపడి కట్టాల్సింది చల్ల కొసని. డబ్బు దీపానికి కాదు, నీడకీ నీళ్ళ లోతుకీ పెట్టండి.

నీళ్ళ లోతు అన్నాను. చెంబుడు నీళ్ళు ఎండలో పెట్టండి. గంటలో కాగిపోతాయి. అదే ఊరి చెరువులో మిట్టమధ్యాహ్నం దిగండి. పైన వెచ్చగా ఉన్నా మోకాళ్ళ దగ్గర చల్లగా తగులుతుంది. నీళ్ళు ఎక్కువైతే వేడి నిదానంగా ఎక్కుతుంది, నిదానంగా దిగుతుంది. గేదెలు పొద్దల్లా చెరువులో పడుకునేది ఇందుకే. చిన్న గిన్నెలో 2 లీటర్లు పడతాయి. కాసేపు కిటికీ పక్కన పెట్టి మర్చిపోయారా, తాబేలు ఉడికిపోతుంది. ఆ మాట మొరటుగా ఉంది, కానీ జరిగేది అదే. అందుకని పెద్ద తొట్టె కావాలి. ఎంత పెద్దది? ఇప్పుడు మీ అరచేతిలో ఉన్నది కొన్నేళ్ళలో 25 సెంటీమీటర్లు అవుతుంది. ఆడదైతే ఇంకాస్త పెరుగుతుంది. అన్నం తినే కంచమంత అనుకోండి. 20, 30 ఏళ్ళు బతుకుతుంది. కాబట్టి 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నీళ్ళు అడుగున్నర లోతు. ఒక్క తాబేలుకి ఇది తక్కువలో తక్కువ లెక్క. గుణించి చూసుకుంటే సుమారు 425 లీటర్లు. నీళ్ళ బరువే 425 కిలోలు. మన 75 కిలోల ధాన్యం బస్తాలు దాదాపు ఆరు ఒకే చోట పేర్చినట్టు. కాబట్టి బాల్కనీలో వద్దు. నేల మీదే కట్టుకోండి.

ఎక్కడ కట్టాలి? ఇంటికి తూర్పు వైపున. పొద్దున ఎండ నేరుగా పడుతుంది. మధ్యాహ్నం దాటేసరికి ఇంటి నీడ దానంతటదే తొట్టె మీద పడుతుంది. ఖర్చు లేని నీడ. పడమటి వైపు పెరడు తప్ప వేరే దారి లేదంటే చెట్టు కింద చూసుకోండి, లేదా పందిరి వెయ్యండి. పాత కుడితి గాబు ఉంటే దాన్నే వాడుకోవచ్చు, వెడల్పు చాలితే. లేకపోతే ఇటుకలతో కట్టించి లోపల నున్నగా గచ్చు చేయించండి. గోడ నీళ్ళకంటే అడుగు ఎత్తు ఉండాలి. తాబేలు నెమ్మది అని కథల్లో చదువుకున్నాం కానీ, గోడ ఎక్కడంలో అది గడుసుది. గోడ పై అంచు లోపలికి రెండు అంగుళాలు వంగి ఉంటే ఎక్కలేదు. కొత్త సిమెంటులో సున్నం ఘాటు ఉంటుంది. చేపలు పెంచేవాళ్ళు కొత్త తొట్టెలో అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపడం మీరు చూసే ఉంటారు. అలా రెండు మూడు వారాలు నీళ్ళు మార్చాకే తాబేలుని వదలండి. ఈ రెండు మూడు వారాలకి మాత్రం తొందరపడొద్దు.

ఇప్పుడు రెండు కొసల సంగతి. పొద్దున ఎండ ముందుగా తగిలే కొసన ఇటుకలు మెట్లు మెట్లుగా పేర్చి, నీటి మట్టానికి పైన ఒక పొడి గట్టు చెయ్యండి. తాబేలు పూర్తిగా బయటికి వచ్చి, ఒళ్ళంతా ఆరబెట్టుకునేంత చోటు. మెట్లు గరుకుగా ఉండాలి. నున్నటి టైలు వేస్తే జారిపోతుంది. ఈ గట్టు లేని తొట్టె తాబేలు ఇల్లు కాదు. ఎంత లోతున్నా కాదు. పొడి గట్టు లేక రోజంతా తడిలో ఉంటే డిప్ప కుళ్ళుతుంది. ఎండ తగలకపోతే డిప్ప మెత్తబడుతుంది. ఎండలో మన కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. చర్మం మీద అవి పడితేనే ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. అది ఉంటేనే తిన్న సున్నం ఎముకకీ డిప్పకీ పడుతుంది. ఇంకో చిక్కుంది. మామూలు కిటికీ అద్దం ఆ పనికొచ్చే కిరణాలని ఆపేస్తుంది. వేడిని మాత్రం రానిస్తుంది. కిటికీ అద్దం వెనక గాజు పెట్టెలో తాబేలుకి మాడే వేడి దొరుకుతుంది, డిప్పని గట్టిపరిచే ఎండ దొరకదు. నష్టం ఉంచుకుని లాభం వదులుకున్నట్టు. కాబట్టి పైన అద్దం వద్దు, ప్లాస్టిక్ రేకూ వద్దు. ఇనప జాలీ చాలు. జాలీ మాత్రం తప్పదు. కాకి, పిల్లి, ముంగిస, వీధి కుక్క ఊరుకోవు మరి.

రెండో కొస చూద్దాం. మనకి ముఖ్యమైన కొస. సగానికి పైగా తొట్టె నీడలో ఉండాలి. కడియం వైపు వెళ్ళినవాళ్ళకి నర్సరీల్లో మొక్కల మీద కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ తెలుసు. 50 శాతం నీడ, 75 శాతం నీడ అని లెక్క చెప్పి అమ్ముతారు. నర్సరీ రైతు లేత మొక్క మీద ఏప్రిల్ ఎండని నేరుగా పడనివ్వడు. అదే తెలివి ఇక్కడ వాడండి. ఎండాకాలం 75 శాతం నెట్ రెండు పొరలు కట్టండి. లేదంటే కొబ్బరాకులు పరిస్తే మరీ మంచిది, చల్లగా ఉంటుంది. నీళ్ళ అడుగున ఆ కొసనే పగిలిన కుండ సగం ముక్క బోర్లించి పెట్టండి. అంచులు అరగదీయడం మర్చిపోవద్దు. బెదిరినప్పుడు దూరడానికి దానికో చీకటి మూల కావాలి. మళ్ళీ చెబుతున్నాను. ఒక కొస ఎండ, పొడి గట్టు. ఒక కొస నీడ, లోతు నీళ్ళు. మధ్యలో దారి.

వానాకాలం ఇంకో లెక్క. మన దగ్గర తుపాను పట్టిందంటే రెండు మూడు రోజులు వదలదు. తొట్టె నిండి పొంగితే తాబేలు పొంగుతోబాటు బయటికి పోతుంది. పక్కన పంట బోదె ఉంటే ఇక దొరకదు. అందుకని గోడలో, నీటి మట్టానికి కాస్త పైన, ఒక గొట్టం పెట్టించి దాని నోటికి జాలీ బిగించండి. అడుగున ఇంకో గొట్టం, నీళ్ళు వదిలెయ్యడానికి. నీళ్ళు మార్చడం గురించి భీమవరం వైపు శ్రోతలకి నేను చెప్పక్కర్లేదు. రొయ్యల చెరువులో మేత మిగిలితే అమ్మోనియా ఎలా పెరుగుతుందో వాళ్ళకి తెలుసు. ఏరియేటర్లు తిప్పుతూ, నీళ్ళు పరీక్ష చేయిస్తూ రాత్రులు మేలుకుంటారు. తొట్టె కూడా చిన్న చెరువే. తాబేలు గాలి పీల్చే జంతువు కాబట్టి రొయ్యలా ఒక్క రాత్రిలో పోదు. కానీ మురికి నీళ్ళలో కళ్ళు వాస్తాయి, చర్మం పాడవుతుంది. వారానికోసారి సగం నీళ్ళు మార్చండి. వాసన వస్తే అంతకంటే ముందే. ఆ నీళ్ళు కొబ్బరి మొదట్లో పొయ్యండి, చెట్టుకి బలం. ఆకుకూర మడిలో మాత్రం పొయ్యొద్దు. ఈ తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది. మనుషులకి విరేచనాలూ జ్వరమూ తెప్పిస్తుంది. పిల్లలు తాబేలుని నోటి దగ్గర పెట్టుకుని జబ్బు పడుతున్నారని, 4 అంగుళాలకంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని అమెరికా 1975లోనే ఆపేసింది. దాని పుట్టింటి వాళ్ళే పిల్లలకి వద్దన్నారు. మనం పుట్టినరోజు కానుకగా ఇస్తున్నాం! అయిదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. తొట్టె సామాను వంటింటి సింకులో కడగొద్దు.

ఇక్కడ కొందరికి ఒక మాట తోచి ఉంటుంది. మా ఊరి చెరువులో తాబేళ్ళకి ఎవరు తొట్టె కట్టారండీ? ఎవరు నెట్ వేశారు? అవి బతకడం లేదా? బాగానే అడిగారు. చెరువులో ఆ తాబేలుకి లోతు ఉంది, బురద ఉంది, గట్టు ఉంది, గట్టు మీద తుమ్మ చెట్టు నీడ ఉంది, నీళ్ళలోకి వాలిన తాటి మొద్దు ఉంది. రోజులో పదిసార్లు చోటు మారుతుంది. మనం చెప్పుకున్న రెండు కొసలూ చెరువులో వందల కొసలుగా ఉన్నాయి. బేసిన్లో ఒక్కటీ లేదు. చెరువు తాబేలుని చూపించి బేసిన్ చాలనడం, పెరట్లో తిరిగే కోడిని చూపించి గంప కింద కోడికి గింజలు అక్కర్లేదనడం లాంటిది. గంప మూసింది మనం. గింజలు వెయ్యాల్సిందీ మనమే.

చిన్న గిన్నెలో పెడితే చిన్నగానే ఉంటుందట కదా అని ఇంకో మాట. అది వట్టి మాట. కుండీ చిన్నదైతే మొక్క గిడసబారుతుంది, ఆరోగ్యంగా ఉండదు. తాబేలూ అంతే. ఎదుగుదల ఆగితే దాని అర్థం ఒళ్ళు చెడిందని. డిప్ప వంకర తిరుగుతుంది, కాళ్ళు నీరసపడతాయి. ఖర్చు సంగతీ ఎత్తుతారు. గాజు పెట్టె, హీటరు, దీపాలు, వడపోత యంత్రం, వాటి కరెంటు, ఇవన్నీ కొనేదాని పక్కన ఇటుకలూ సిమెంటూ ఒక షేడ్ నెట్ ముక్కా పెట్టి చూడండి. రెండోదే చవక. నేల మీద చోటే దొరకడం లేదంటే, అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నామంటే? అప్పుడు అతినీలలోహిత కిరణాలిచ్చే ప్రత్యేకమైన దీపం కొని, దాన్ని సమయానికి మారుస్తూ, లోపలే రెండు కొసలూ తయారు చెయ్యాలి. చెయ్యచ్చు, కానీ ఖర్చూ శ్రమా ఎక్కువ. దానికి సిద్ధంగా లేనివాళ్ళు కొనకండి. ఇల్లు కలిసిరావాలంటే ఇత్తడి తాబేలు ఉండనే ఉంది. దానికి ఎండా అక్కర్లేదు, నీడా అక్కర్లేదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం చివరికి వస్తుంది. ఇంత తంటా ఎందుకండీ, తీసుకెళ్ళి గోదాట్లో వదిలేస్తే పుణ్యం కదా! కాదు. దయచేసి వదలొద్దు. గుర్రపు డెక్క సంగతి డెల్టా రైతుకి చెప్పాలా? దక్షిణ అమెరికా మొక్క అది. పూలు అందంగా ఉన్నాయని మన దేశానికి తెచ్చారు. ఏటా వేసవిలో కాలవలు కట్టేసినప్పుడల్లా తూడుతోబాటు దాన్ని తీయించడానికి ఎంత పనో చూస్తూనే ఉన్నాం. అది మొక్క కదా అంటారేమో. అయితే డెవిల్ ఫిష్ మాట ఏమిటి? అక్వేరియం గాజుకి పట్టిన నాచు తింటుందని తెచ్చిన చేప. ఎవరో విసుగొచ్చి పారబోశారు. ఇవాళ మన నదుల్లో, చేపల చెరువుల్లో వలలకి పడుతోంది. వీపు మీద ముళ్ళతో వలలు చింపేస్తోంది. తినడానికి పనికిరాదని జాలర్లు గట్టున పారేస్తున్నారు. ఎర్ర చార తాబేలుదీ అదే దారి. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఇది ఉంది. యూరోపు దేశాలు 1997లో దీని దిగుమతి ఆపేశాయి. కేరళలో త్రిసూర్ దగ్గర పీచీలో ఉన్న అటవీ పరిశోధనా సంస్థ, చెరువుల్లో కలవకుండా వీటిని జనం దగ్గర నుంచే తీసుకునే పని పెట్టుకుంది. మన చెరువు తాబేలుతో ఇది మేతకి పోటీ పడుతుంది. ఎండ కాచుకునే మొద్దు దగ్గర కూడా పోటీయే. పెద్దది వచ్చి ఎక్కితే చిన్నదానికి చోటుండదు. ఇప్పటికే మన తాబేళ్ళని బస్తాల్లో కట్టి ఒడిశా వైపు మాంసానికి తరలిస్తూ పట్టుబడుతున్న వార్తలు పేపర్లో చూస్తున్నాం. వాటి మీద ఈ బరువు కూడా ఎందుకు? కాటన్ దొర కాలం నుంచీ ధవళేశ్వరం దగ్గర విడిచిన నీళ్ళు మూడు డెల్టాల్లో ప్రతి పంట బోదెకీ చేరతాయి. ఒక్క చోట వదిలిన జంతువు కూడా అలాగే చేరుతుంది. పెంచలేకపోతే పెంచగలిగినవాళ్ళకి ఇవ్వండి. లేదా అటవీ శాఖ వాళ్ళని అడగండి. నీళ్ళలో మాత్రం వెయ్యకండి.

మేత గురించి రెండు ముక్కలు. పిల్లగా ఉన్నప్పుడు పురుగులూ చిన్న చేపలూ ఎక్కువ తింటుంది. పెద్దదయ్యేకొద్దీ ఆకుకూరలు, నీటి మొక్కల వైపు మళ్ళుతుంది. డబ్బాలో ఎండు రొయ్యలొక్కటే పెడుతూ పోతే విటమిన్ ఏ చాలక కళ్ళు ఉబ్బుతాయి. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే మేత తగ్గించండి. ఎండ లేనిదే దానికి అరగదని చెప్పుకున్నాం కదా.

ఇప్పుడు మీకో చిన్న పని చెబుతాను. మీ ఇంట్లో తాబేలు ఉంటే రేపు మధ్యాహ్నం 2 గంటలకి అది ఉన్న గిన్నెలోనో, బేసిన్లోనో చెయ్యి పెట్టి చూడండి. ఈ కొసన ఒకసారి, ఆ కొసన ఒకసారి. రెండు చోట్లా నీళ్ళు ఒకేలా వెచ్చగా తగిలితే, తొట్టె కట్టడం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక కొసన తడి గోనెపట్టా కప్పి నీడ చెయ్యండి. రెండో కొసన ఒక ఇటుక పెట్టండి. మేస్త్రీతో ఎల్లుండి మాట్లాడుకోవచ్చు.